పుట్టిన నెల పువ్వు: ఏది కొనాలి, ఏది పెంచాలి, ఏది వదిలేయాలి

పుట్టినరోజుకు పువ్వును కానుకగా ఇవ్వాలని వెతికేవారికి తొలుత ఎదురయ్యేది పన్నెండు నెలల పట్టిక. జనవరికి కార్నేషన్, స్నోడ్రాప్, ఫిబ్రవరికి వయొలెట్, ప్రిమ్‌రోజ్, మార్చికి డాఫొడిల్, ఏప్రిల్‌కు డెయిజీ, స్వీట్ పీ, మే నెలకు లిలీ ఆఫ్ ది వ్యాలీ, హాథార్న్, జూన్‌కు గులాబీ, హనీసకిల్, జులైకి లార్క్‌స్పర్, కలువ, ఆగస్టుకు గ్లాడియోలస్, పాపీ, సెప్టెంబరుకు ఆస్టర్, మార్నింగ్ గ్లోరీ, అక్టోబరుకు బంతి, కాస్మోస్, నవంబరుకు చామంతి, డిసెంబరుకు నార్సిసస్, హాలీ. ఇది బ్రిటన్, అమెరికాల్లో వాడుకలో ఉన్న పట్టిక. అందులో చాలా పువ్వులు అక్కడి రుతువులను బట్టి చేరినవే: జనవరి మంచులోంచి తల ఎత్తేది స్నోడ్రాప్, చలి తగ్గే మార్చిలో పూసేది డాఫొడిల్. ఒక్కో పువ్వుకు చెప్పే అర్థాలు చాలావరకు 19వ శతాబ్దపు ఐరోపాలో పూలతో మనసులో మాట చెప్పుకునే వేడుక నుంచి వచ్చాయి.

ఈ పట్టికను తెలుగు నేల మీద పరిచి చూస్తే ఏడాది రెండు ముక్కలుగా విడిపోతుంది. జూన్ నుంచి డిసెంబరు వరకు పుట్టినవారికి పెద్దగా పేచీ లేదు, ఎందుకంటే ఆ నెలల పువ్వుల్లో ఏదో ఒకటి మన నర్సరీలోనో పూల అంగడిలోనో దొరుకుతుంది, మన కుండీలో బతుకుతుంది. జనవరి నుంచి మే వరకు పుట్టినవారికి మాత్రం పట్టిక చూపించే పువ్వుల్లో ఎక్కువ భాగం చలిదేశపు దుంపలు, అడవిపూలు. వాటిని తెచ్చి కుండీలో పెట్టడమంటే డబ్బు మట్టిలో పోయడమే. కాబట్టి అర్థం ఏమిటన్న ప్రశ్నను చివరికి నెట్టి, ఆ మనిషి ఏ ఊళ్లో ఉంటారు, ఆ ఇంటికి ఎండ ఎంత తగులుతుంది, చిన్నపిల్లలో పెంపుడు పిల్లులో ఉన్నాయా అన్న మూడింటిని ముందు తేల్చుకోవడం మంచిది.

జూన్ నుంచి డిసెంబరు దాకా

జూన్ వారికి గులాబీ ఇవ్వడం అందరికీ తట్టేదే, అది తప్పూ కాదు. అయితే కోసిన గులాబీల గుత్తి ఇవ్వాలా, కుండీ ఇవ్వాలా అన్న చోట కొంచెం ఆలోచించాలి. మన దగ్గర జూన్‌లో వానలు మొదలవుతాయి. తడి ఆరని ఆకులపై నల్లమచ్చ తెగులు పాకేది అప్పుడే. ఆ నెలలో కొన్న మొక్క పూలతో కళకళలాడుతుందని ఆశించకుండా, అక్టోబరులో కొమ్మలు కత్తిరించి, సుమారు నెలన్నర ఆగి, చలికాలపు పూలు చూసే ఓపిక ఉన్నవారికే కుండీ ఇవ్వాలి. అంటు గులాబీ కొనేటప్పుడు అంటు కట్టిన బుడిపె మట్టికి పైన ఉందో లేదో చూడాలి. దాని కింద నుంచి పుట్టే కొమ్మలు అడవి గులాబీవి గనుక వాటిని ఎప్పటికప్పుడు తీసేయాలి. కనీసం ఐదారు గంటల ఎండ లేని బాల్కనీకి గులాబీ వద్దు. హనీసకిల్ మన మైదానాల వేడికి అంతగా ఒదగదు. కాని నేల ఉన్న ఇల్లయితే రాధామనోహరం తీగను దాని బదులు ఇవ్వవచ్చు. దీనికి చైనీస్ హనీసకిల్ అన్న పేరు కూడా వాడుకలో ఉంది. సాయంత్రం తెల్లగా విచ్చి, తర్వాతి రోజుల్లో గులాబీ రంగుకు, ఆపై ఎరుపుకు మారే ఆ గుత్తులకు పందిరో ప్రహరీగోడో కావాలి తప్ప, అపార్టుమెంటు కిటికీ చాలదు.

జులైలో నా మొగ్గు పూర్తిగా కలువ వైపే. లార్క్‌స్పర్ మన దగ్గర చలికాలపు మొక్క, పైగా మొక్క మొత్తం విషం. కలువకైతే జులై సరైన కాలం, డాబా మీద ఎండ ఉంటే చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర పుష్పంగా ఉన్నది కలువే. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు మల్లె, తెలంగాణకు తంగేడు రాష్ట్ర పుష్పాలు. 18 నుంచి 24 అంగుళాల వెడల్పున్న టబ్బు, దాని అడుగున బంకమట్టి నింపిన చిన్న కుండీ, మట్టి తేలిపోకుండా పైన ఒక పొర గులకరాళ్లు ఉంటే సరిపోతుంది. తేలికపాటి కంపోస్టు వేస్తే అది నీళ్లలో పైకి తేలి టబ్బంతా మురికి చేస్తుంది. దోమలు గుడ్లు పెడతాయన్న భయానికి నాలుగైదు గప్పీ చేపలు వదిలితే అవి లార్వాలను తినేస్తాయి.

కలువ అడిగితే తామర, తామర అడిగితే కలువ అంటగట్టడం పరిపాటి గనుక కొనేముందు ఆకు చూడాలి. కలువ ఆకుకు అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది, అది నీటి మీదనే పరుచుకుంటుంది. తామరాకుకు చీలిక ఉండదు, ఎదిగిన ఆకు నీటిని వదిలి పైకి లేస్తుంది. ఇంకొక తేడా చాలామంది అడగనే అడగరు. నర్సరీల్లో ఎక్కువగా కనిపించే నీలి, గులాబీ రంగు సంకర జాతులు ఉదయం విచ్చి మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటాయి. మన కవులు చంద్రుడితో జత కట్టిన కలువ రాత్రి పూసేది. అది చీకటి పడే వేళకు విచ్చి మర్నాడు పొద్దెక్కేదాకా ఉంటుంది. ఉదయం తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లి రాత్రి ఇల్లు చేరేవారికి పగటి కలువ ఇస్తే వారు ఆదివారం తప్ప దాని ముఖం చూడరు. వారికి రాత్రి కలువే ఇవ్వాలి. గుత్తిగా ఇవ్వడానికి మాత్రం కలువ పనికిరాదు, కోశాక త్వరగా ముడుచుకుపోతుంది.

ఆగస్టు గ్లాడియోలస్ దీనికి సరిగ్గా ఎదురు: కుండీ కన్నా కోసిన పువ్వుగానే దీని విలువ. మన మైదానాల్లో దుంపలు నాటడానికి సెప్టెంబరు తర్వాతి చల్లని నెలలు అనువు, కాబట్టి ఆగస్టులో అంగడికి వచ్చే వెన్నులు చల్లటి ఎత్తు ప్రాంతాలవే. వెన్నులో అన్నిటికన్నా కిందనున్న ఒకటి రెండు మొగ్గలు మాత్రమే రంగు చూపుతున్నప్పుడు కొంటే, పువ్వులు కింద నుంచి పైకి వరుసగా విచ్చుతూ వారానికి పైగా నిలుస్తాయి. కారు సీటుపై అడ్డంగా పడుకోబెట్టి తెస్తే కొసలు పైకి వంగి, ఆ వంకర ఇక పోదు, నిలువుగానే తేవాలి. పాపీ విషయంలో ఒక హెచ్చరిక ఉంది. వంటింట్లో వాడే గసగసాలు నల్లమందు మొక్క విత్తనాలే, అనుమతి లేకుండా ఆ మొక్కను పెంచడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. పుట్టినరోజు మొక్క పేరుతో డబ్బాలోని గసగసాలు కుండీలో చల్లే సరదా ఎవరికీ వద్దు.

సెప్టెంబరుకు మన పూల అంగళ్లలో ఆస్టర్‌గా అమ్మేది చైనా ఆస్టర్, శాస్త్రప్రకారం వేరే ప్రజాతి. అంత మాత్రాన కానుకకు లోటేమీ లేదు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ కామిని, పూర్ణిమ వంటి రకాలను విడుదల చేసింది, కోసిన పువ్వు నీళ్లలో ఇంచుమించు వారం ఉంటుంది. మార్నింగ్ గ్లోరీ కావాలనుకునేవారు దాని బంధువైన కాశీరత్నం గింజలు నాటుకుంటే, సన్నటి ఆకుల మధ్య ఎర్రటి చిన్న నక్షత్రాల్లా పూస్తుంది. రోజూ పొద్దున్నే చూసేవారికి తీగ, ఒక్కరోజు వేడుకకు ఆస్టర్. ఇంతకు మించి ఇక్కడ తర్జనభర్జన అక్కర్లేదు.

బంతీ, చామంతీ

పట్టిక ఇచ్చే అర్థాన్ని పక్కన పెట్టాలని నేను గట్టిగా చెప్పేది అక్టోబరు గురించే. 19వ శతాబ్దపు ఐరోపా పూల భాషలో బంతికి దుఃఖం, నిరాశ అన్న అర్థాలు కట్టారు. మన గుమ్మానికి తోరణమై, బతుకమ్మలో గునుగుతో తంగేడుతో పాటు వరుసగా పేర్చబడి, సంక్రాంతికి గొబ్బెమ్మల మీద నిలిచే పువ్వుకు ఆ అర్థం ఏ కోశానా అతకదు. పైగా ఐరోపావారు పాత కాలంలో మారిగోల్డ్ (ఇప్పుడు ఇంగ్లిష్‌లో బంతికి వాడే పేరు) అని పిలిచింది కలెండులా అనే వేరొక మొక్కను. మన బంతి మెక్సికో, మధ్య అమెరికాల నుంచి ప్రపంచమంతా పాకినది. మెక్సికోలో నవంబరు మొదటి రెండు రోజుల్లో పితృదేవతల పండుగకు సమాధుల దారిలో బంతిరేకలు చల్లుతారు, కాని అక్కడ కూడా అది చనిపోయినవారిని ఇంటికి పిలిచే పువ్వే గాని ఏడుపు పువ్వు కాదు.

ఎంపిక విషయానికొస్తే, బాల్కనీకి ఫ్రెంచి బంతి అనే పొట్టి రకం, పెరడుకూ దండలకూ ఆఫ్రికన్ బంతి అనే ఎత్తైన ముద్దబంతి మేలు. పేర్లు ఏమైనా రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండమే. దసరా నాటికి పూలు కావాలంటే నారు ఆషాఢ శ్రావణాల్లో పోసుకోవాలి, మొక్క జానెడు ఎదిగాక తలకొన తుంచితే పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి, వాడిన పువ్వును వెంటనే తీసేస్తే కొత్త మొగ్గ వస్తుంది. యూరియా ఎక్కువైతే ఆకులు దట్టమై పూలు తగ్గుతాయి. అక్టోబరు పుట్టినరోజులు తరచుగా దసరాకో దీపావళికో దగ్గర పడతాయి, అప్పుడు హైదరాబాద్ గుడిమల్కాపూర్ అంగడిలో సైతం బంతి ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. గుత్తులకూ దండలకూ ముందే చెప్పి ఉంచుకోవడం నయం. జాడీలో పెట్టేటప్పుడు నీటిలో మునిగే ఆకులన్నీ గిల్లేయాలి, లేకుంటే రెండో రోజుకే నీళ్లు కంపు కొడతాయి. కాస్మోస్ సులభంగా పెరిగేదే, బలం లేని మట్టిలోనూ పూస్తుంది, కాని కోస్తే బంతి అంత నిలవదు.

పన్నెండు నెలల్లోనూ పట్టికకూ మన నేలకూ పూర్తిగా పొత్తు కుదిరింది నవంబరులోనే. చామంతి రాత్రులు పొడుగైతేనే మొగ్గ తొడిగే మొక్క, అందుకే కార్తీకం వచ్చేసరికి దానంతట అదే పూస్తుంది. ఈ గుణమే ఒక చిక్కు కూడా: బాల్కనీ పక్కనే రాత్రంతా వెలిగే వీధి దీపం ఉంటే మొక్క దాన్ని పగలనుకుని ఆకులతోనే కాలం గడుపుతుంది. అటువంటి ఇంటికి కుండీ ఇచ్చేటప్పుడు ఆ దీపం కాంతి పడని మూల చూపించి మరీ ఇవ్వాలి. కొనేటప్పుడు పువ్వును వెనక్కి తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి. కాడను ఆనుకుని ఉన్న అట్టడుగు వరుస రేకలు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి ఉంటే, ముందు వైపు ఎంత నిండుగా కనబడినా అది పాత సరుకు; కింది రేకలు బిగువుగా, నడిమి రేకలు ఇంకా ముడుచుకుని ఉంటే అది తాజా. కుండీ అయితే మూడో వంతు మాత్రమే విచ్చి, మిగతావి మొగ్గలుగా ఉన్నదే ఏరుకోవాలి.

పూత అయిపోగానే మొక్కను పారేయడం చాలా ఇళ్లలో జరిగే దుబారా. కొమ్మలను మట్టికి నాలుగైదు అంగుళాల ఎత్తులో కత్తిరించి, మొదట్లో వచ్చే పిలకలను వేళ్లతో సహా విడదీసి నాటి, వేసవిలో సగం నీడలో కాపాడి, శ్రావణం వరకు కొనలు తుంచుతూ పోతే మళ్లీ నవంబరుకు అదే మొక్క పూస్తుంది. ఏటా అదే పుట్టినరోజుకు అదే మొక్క పూయడం కన్నా మంచి కానుక నాకు తోచదు. ఒక్క సంగతి: ఫ్రాన్స్, ఇటలీ, బెల్జియంలలో చామంతి సమాధుల పువ్వు, జపాన్‌లో తెల్ల చామంతిని అంత్యక్రియలకు వాడుతారు. ఆ దేశాలవారైన స్నేహితులకో సహోద్యోగులకో నవంబరులో పువ్వు పంపాలంటే మరో పువ్వు చూడాలి.

డిసెంబరుకు అమెరికన్ అంగళ్లు నార్సిసస్, హాలీలకు పాయిన్‌సెట్టియాను కూడా చేరుస్తాయి. ఇది మెక్సికో పొద. అక్కడ అమెరికా రాయబారిగా పనిచేసిన జోయెల్ పాయిన్‌సెట్ 1820లలో దీన్ని తన దేశానికి పంపాడు, ఆయన చనిపోయిన డిసెంబరు 12ను అమెరికాలో పాయిన్‌సెట్టియా దినంగా పాటిస్తారు. ఎర్రగా కనబడేవి రేకలు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వులు నడిమధ్యన ఉండే పసుపుపచ్చని చిన్న గిన్నెల వంటివి; అవి రాలిపోయి మొండి కాడలే మిగిలాయంటే, ఎరుపు ఎంత మెరుస్తున్నా ఆ కుండీ ముదిరిందన్నమాట. తగరపు కాగితం చుట్టి అమ్మే కుండీని ఇంటికి తేగానే అడుగున కాగితానికి చిల్లు పెట్టాలి, లేకుంటే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. దీని పాలు చర్మానికి దురద పెట్టవచ్చు గాని, ప్రాణం తీస్తుందన్న ప్రచారం అతిశయోక్తి.

మన పెరళ్లలో మాత్రం డిసెంబరు పేరే పెట్టుకున్న పువ్వు ఉండనే ఉంది. ఊదా, తెలుపు, లేతగులాబీ రంగుల్లో చలికాలమంతా పూసే డిసెంబరాలను కనకాంబరాలతో, మరువంతో కలిపి మాల కట్టుకోని ఇల్లు ఒకప్పుడు అరుదు. వాసన లేకపోవచ్చు, చూడటానికి మటుకు పాయిన్‌సెట్టియాకు తీసిపోవు, కొమ్మ గుచ్చినా బతికే మొక్క, ఖర్చు దాదాపు సున్నా.

జనవరి నుంచి మే దాకా

ఈ అయిదు నెలల్లో గుత్తిగా నమ్మదగింది జనవరి కార్నేషన్ ఒక్కటే. నీలగిరి, కొడైకెనాల్ వంటి చల్లటి చోట్ల పాలీహౌసుల్లో పండి మన నగరాలకు వస్తుంది, నీళ్లు మారుస్తూ ఉంటే రెండు వారాలు నిలుస్తుంది. అయితే పండ్లు విడుదల చేసే ఇథిలీన్ వాయువు దీనికి గిట్టదు. డైనింగ్ టేబుల్ మీద మగ్గిన అరటిపండ్ల పక్కన పెడితే ఒకటి రెండు రోజుల్లోనే రేకల అంచులు లోపలికి ముడుచుకుని, నిద్ర ముంచుకొచ్చినట్టు పువ్వు మూసుకుపోతుంది, ఆపై తెరుచుకోదు. అర్థాల్లో గులాబీ రంగు కార్నేషన్ కృతజ్ఞతకు, చారలది నిరాకరణకు, పసుపుపచ్చది చిన్నచూపుకు చెబుతారు. పంపేది పాశ్చాత్యులకైతే గులాబీ రంగు ఏరుకుంటే ఏ గొడవా లేదు. కుండీ కావాలనుకుంటే దీని సోదరి డయాంథస్ హైదరాబాద్ చలికాలంలో చక్కగా పూస్తుంది. స్నోడ్రాప్ గురించి ఇక్కడ ఆలోచించనే వద్దు.

ఫిబ్రవరి వయొలెట్, ప్రిమ్‌రోజ్‌లు మన వేడికి తట్టుకోవు. వయొలెట్ కుటుంబానిదే అయిన ప్యాంజీని చలికాలంలో నర్సరీలు అమ్ముతాయి, మార్చి ఎండలు ముదిరేసరికి అది పోతుంది. ఆ సంగతి తెలిసి ఇస్తే నిరాశ ఉండదు.

మార్చి డాఫొడిల్ దుంప పూయాలంటే మూడు నెలలకు పైగా గట్టి చలి తగలాలి, తెలుగు మైదానాల్లో ఫ్రిజ్‌లో పెట్టి సాధించినా ఒక్క ఏడాదితో సరి. దీని విషయంలో అసలు జాగ్రత్త విదేశాల్లో ఉండే మనవాళ్లకు కావాలి. దుంప ఉల్లిగడ్డలా, మొగ్గకాడ ఉల్లికాడలా ఉంటుంది, తింటే వాంతులు పట్టుకుంటాయి. ఇటువంటి పొరపాట్లు జరిగినందువల్లే 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ, డాఫొడిల్స్‌ను కూరగాయలకు దూరంగా పెట్టి అమ్మమని సూపర్‌మార్కెట్లకు చెప్పింది. కోసిన డాఫొడిల్ కాడ నుంచి కారే జిగురు పక్క పూలను కూడా పాడుచేస్తుంది గనుక వేరే జాడీలో కొన్ని గంటలు నిలిపి, కాడ మళ్లీ కోయకుండా మిగతావాటితో కలపాలి. ఒంటి డాఫొడిల్ ఇవ్వడం కీడని, గుత్తి సంతోషమని అక్కడి నమ్మకం.

ఏప్రిల్ స్వీట్ పీ గింజలు అక్టోబరులో వేస్తే మన దగ్గర జనవరి, ఫిబ్రవరిల్లో పూసి ఏప్రిల్‌కు ఎండిపోతుంది, పైగా బఠాణీలా కనబడే ఆ గింజలు విషం. డెయిజీ బదులు దాని కుటుంబానిదే అయిన జెర్బెరా కొనడం ఏప్రిల్ వారికి మంచి మార్గం. దాని నూగు కాడ ఎక్కువ నీళ్లలో కుళ్లి మెడ వాల్చేస్తుంది. జాడీలో రెండు అంగుళాల నీళ్లకు మించి పోయకూడదు.

మే పువ్వు లిలీ ఆఫ్ ది వ్యాలీ అందానికి, వాసనకు పెట్టింది పేరు, ఫ్రాన్స్‌లో మే 1న దీన్ని ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఆకు, పువ్వు, కాయ అన్నింటిలోనూ గుండెపై పనిచేసే విషం ఉంది, జాడీలో నీళ్లు కూడా ప్రమాదమే. పాకే పిల్లలున్న ఇంటికి, అమెరికాలోనైనా సరే, ఇది వద్దనే నా సలహా. మన ఊళ్లలో మే నెలవారికి దానికన్నా మేలైనవి రెండున్నాయి. వాసన ముఖ్యమనుకుంటే మల్లె, అది నిండుగా పూసేది ఆ నెలల్లోనే. వింత ముఖ్యమనుకుంటే మే ఫ్లవర్ అని మన ఇళ్లలో పిలిచే దుంపమొక్క, ఏడాదికి ఒక్కసారి, ఆ నెల చుట్టుపక్కలే, కాడ కొసన ఎర్రటి బంతిలా పూస్తుంది. చలికాలంలో ఆకులు చచ్చిపోతే మొక్క పోయిందనుకుని పారబోయకుండా కుండీని పొడిగా వదిలేసి, ఎండలు ముదిరాక మళ్లీ నీళ్లు పెట్టాలి. దీని దుంపా విషమే, కాకపోతే మట్టిలో ఉంటుంది.

గుత్తి, కుండీ, బొమ్మ

ఏ నెల అయినా గుత్తిని వేడుకకూ, కుండీని మొక్కలు పెంచే చెయ్యి ఉన్నవారికీ ఇవ్వాలి. గుత్తి ఇచ్చేటప్పుడు కాడలు ఏటవాలుగా కోసి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చమని ఒక మాట చెబితే దాని ఆయుష్షు పెరుగుతుంది. దొరకని పువ్వును ఎలాగైనా ఇవ్వాలనుకునేవారికి మూడో దారి ఉంది: స్నోడ్రాప్, వయొలెట్, డాఫొడిల్ వంటివి లాకెట్టు మీద చెక్కడంగానో, చీర కొంగుపై మగ్గం పనిగానో, గోడకు వేలాడే చిత్రంగానో ఇస్తే వాడిపోయే బెంగా లేదు, విషం భయమూ లేదు. జనవరి నుంచి మే వరకు పుట్టినవారి విషయంలో నేను మొక్క కంటే దీన్నే ముందు చెబుతాను.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువారికి పట్టిక దాదాపు ఉన్నదున్నట్టు నడుస్తుంది. మార్చిలో పుట్టిన పాపకు పెరట్లో డాఫొడిల్స్ కావాలంటే ముందు ఏడాది అక్టోబరులోనే దుంపలు పాతాలి, అంతే. డిసెంబరు పేపర్‌వైట్ నార్సిసస్‌కైతే ఆ చలి కూడా అక్కర్లేదు, గాజుగిన్నెలో గులకరాళ్లు, నీళ్లు పోసి పెడితే నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది; దాని ఘాటు వాసన కొందరికి తలనొప్పి, పడకగదిలో పెట్టకూడదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉన్నవారు మాత్రం పట్టికను తిరగేసి చదవాలి. మెల్‌బోర్న్‌లో డాఫొడిల్ పూసేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. చామంతి పూసేది మే నెలలో, అక్కడ మాతృదినానికి అమ్మలకు ఇచ్చేది అదే. అక్కడ మేలో పుట్టినవారికి లిలీ ఆఫ్ ది వ్యాలీ కోసం తిరగకుండా చామంతి కుండీ కొనవచ్చు, ఆ రోజుల్లో అంగళ్లలో కావలసినన్ని ఉంటాయి.